పొట్లతీగకు తొమ్మిది గాజులు

వర్తూరులో చూడ్డానికి ఏముందని అడిగితే ఎవరైనా చెరువు ఉందంటారు. చెరువు బాగానే ఉంటుంది, కాదనను. కాని యుద్ధం ఇంకా నడుస్తున్న రోజుల్లో, బస్సులు బొగ్గు మీద నడిచే కాలంలో, నేను బెంగళూరు నుంచి పనిగట్టుకుని అక్కడికి వెళ్లింది ఒక పొట్లతీగ మీద లేచిన నిమ్మకాయంత గడ్డను చూడ్డానికి. ఈ మాట బళేపేటలో మా పక్కింటాయనతో అంటే, ఆయన నన్ను కాసేపు ఎగాదిగా చూసి, "మేస్ట్రే, ఎండలో శానా తిరగొద్దప్పా" అన్నాడు. అలాంటి ప్రయాణమే చేయాలనుకునే పిచ్చివాళ్లు లోకంలో ఇంకొందరు ఉంటారనే నమ్మకంతో ఇది రాస్తున్నాను.

నేను హైస్కూల్లో డ్రాయింగు మాస్టరును. ఆ ఏడాది మా బడిలో పెట్టబోయే ప్రదర్శనకు కూరతీగల మీద బతికే పురుగుల పటం ఒకటి గీయమని సైన్సు మాస్టరు నాకు అప్పగించాడు. తొమ్మిది పురుగులు గీసేశాను. పదోది మాత్రం కొరకరాని కొయ్య అయింది. దాన్ని ఆయన అద్దపు రెక్కల చిమ్మట అంటాడు. దీపం చుట్టూ తిరిగే చిమ్మటల కులమే, కాని బుద్ధి వేరు. పట్టపగలు తిరుగుతుంది. చిమ్మటల రెక్కలు ముట్టుకుంటే వేలికి పొడి అంటుతుంది కదా, దీని రెక్కల్లో చాలా భాగానికి ఆ పొడే ఉండదు. అంచులూ నరాలూ మాత్రం నల్లగా ఉండి, మధ్యంతా కిటికీ అద్దంలాగా అవతలిది కనిపిస్తుంది. ఒంటి మీద పట్టీలు ఉంటాయి. ఎగురుతుంటే అచ్చం కందిరీగే. కుట్టే ముల్లు లేదు, కుడుతుందని లోకం భయపడితే చాలు, దాని బతుకు గడిచిపోతుంది. ఇందులో ఎన్నో రకాలున్నాయట. కొన్ని చెట్ల కాండాల్లో పెరుగుతాయి, కొన్ని తీగల్లో. మా పటానికి కావలసింది పొట్ల, కాకర తీగల్లో పెరిగేది.

సైన్సు మాస్టరు దగ్గర సూదికి గుచ్చిన నమూనా ఒకటి ఉంది. దాని పొట్ట చీమలు తినేశాయి, వెనక కాళ్లు రాలిపోయాయి. ఆ కాళ్లలోనే దాని అందమంతా ఉందని, ఒత్తుగా బ్రష్షులాగా వెంట్రుకలు ఉంటాయని ఆయన చేతులు తిప్పుతూ చెబుతాడు. చేతులు తిప్పితే బొమ్మ రాదు. లాల్‌బాగ్‌లో ఒక సాయంకాలం పూలపొద దగ్గర పారదర్శకమైన రెక్కలతో గాల్లో నిలబడి తేనె తాగుతున్న పెద్ద ఆకుపచ్చ చిమ్మటను చూసి, దొరికిందని పరుగెత్తుకుంటూ వెళ్లి చెప్పాను. అది వేరే కుటుంబంలోదని, రెక్కలు చూసి చుట్టరికం కలపకూడదని ఆయన నన్ను బడిపిల్లవాణ్ణి చేసి మాట్లాడాడు. అప్పటినుంచి ఆ పదో గడి ఖాళీగా ఉంది.

వినాయక చవితి దాటిన వారం మునెమ్మత్త దగ్గర నుంచి కార్డు వచ్చింది. మునెమ్మత్త మా నాన్నకు చెల్లెలు. వర్తూరులో ఇచ్చారు. నా చిన్నప్పుడు బెంగళూరులో ప్లేగు రేగితే నన్ను రెండేళ్లు ఆమె దగ్గరే ఉంచారు. ఆమెకు పిల్లలు లేరు. ఆ రెండేళ్లూ నేనే కొడుకును, ఆ తర్వాత కూడా ఆమె ఆ పని నుంచి నన్ను తీసేయలేదు. ఆమెకు చదువు రాదు. ఆమె చెబుతుంటే ఆమె భర్త చిక్కన్న మామ రాస్తాడు, మధ్యలో తన మాట ఒక్కటీ కలపడు. కార్డులో ఇలా ఉంది: "ఈ ఏడు మన పొట్లతీగ ఒగటే మొలిసినాది. నెలనుంచి దాని సుట్టూ కందిరీగలు తిరగతాండాయి. నేను తోల్లేదు. ఇప్పుడు తీగకు కడుపొచ్చినాది. మొదలుకు జానెడు పైన, నిమ్మకాయంత ఉండాది. శనివారం సీమంతం చేస్తాను. బళేపేటలో పచ్చగాజులు, పాపలవి, తొమ్మిది తీసుకోని రా."

ఈ కార్డు బయటివాళ్లకు అర్థం కాదు కాబట్టి చెబుతాను. ఇంట్లో కందిరీగ మట్టిగూడు కడితే ఆ ఇంటి ఆడదానికి కడుపు పండుతుందని మా వైపు నమ్మకం. ఆ గూడును ఎవరూ రాల్చరు, చీపురు కూడా తగలనివ్వరు. అత్త ఆ నమ్మకాన్ని తీసుకెళ్లి పందిరికి పెట్టింది. కందిరీగలు వచ్చాయి, తీగ ఉబ్బింది, ఇంకేం కావాలి? నాకు మాత్రం కార్డు చదువుతుండగానే విషయం తెలిసిపోయింది. వచ్చినవి కందిరీగలు కావు, నా పదో గడివి. అవి తీగ మీద గుడ్లు పెడతాయి, పురుగు తీగలోకి తొలుచుకుపోతుంది, అది తింటున్న చోట తీగ గడ్డకడుతుంది. కడుపులో ఉన్నది పొట్లబిడ్డ కాదు. కార్డు పట్టుకుని సైన్సు మాస్టరు ఇంటికి పరుగెత్తాను. ఆయన నాకంటే ఎక్కువ సంబరపడి, "గడ్డ కోయనివ్వకండి, కోస్తే పురుగు సగంలో చస్తుంది. దానంతట అది బయటికి రానివ్వండి" అని మరీ మరీ చెప్పాడు. తీగ సంగతి ఆయనా అడగలేదు, నేనూ తలవలేదు.

శుక్రవారం సాయంత్రం గాజుల అంగడికి వెళ్లాను. మా వీధిలో గాజుల అంగళ్లకు కొదవ లేదు, కాని పాప చేతి కొలతలో పచ్చవి తొమ్మిది అడిగేసరికి అంగడి ఆయన, "ఎవురికప్పా, తొమ్మిదేంది, డజను తీసుకోరాదా" అన్నాడు. మా అత్త వాళ్ల ఇంట్లో సీమంతం అన్నాను. "సీమంతానికి పాప గాజులెవురు తొడుగుతారు?" అని ఆయన ఆశ్చర్యపోతే నేను గాజులు పాతకాగితంలో చుట్టించుకుని బయటపడ్డాను. ఆ గాజుల పొట్లం చేతిలో పట్టుకున్నప్పుడు నాకు సిగ్గు వేయలేదు. వేసి ఉండవలసింది.

వర్తూరు బస్సు ఉదయం ఆరున్నరకు కలాసిపాళ్యలో బయలుదేరుతుంది. ఆ రోజుల్లో ఆరుకే వెళ్లి నిలబడాలి, ఎందుకంటే పెట్రోలు లేక బస్సు వెనక బొగ్గుపొయ్యి కట్టి, ఆ పొగ మీద నడిపేవాళ్లు. పొయ్యి రాజుకునేదాకా బస్సు కదలదు. టిక్కెట్టు ఆరణాలు. ముందు సీటు దొరికితే మరీ మంచిది, వెనక కూర్చుంటే దిగేసరికి మొహం బొగ్గుల అంగడి వాడి మొహమవుతుంది. డ్రైవరు పెద్దమనిషి, మాటకారి. నా ఒళ్లో ఉన్న గాజుసీసా, బొమ్మల పుస్తకం, గాజుల పొట్లం చూసి, "ఏం స్వామీ, ఏ ఊరికి, ఏం యాపారం?" అన్నాడు. పురుగును చూడ్డానికి వెళ్తున్నానన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "మా ఇంటికి రా స్వామీ, శానా ఉండాయి. ఆరణాలు మిగులతాది" అన్నాడు. బస్సంతా నవ్వింది, నేనూ నవ్వాను.

ఊరు దాటాక రోడ్డు తూర్పుకు తిరుగుతుంది. విమానాల కర్మాగారం వైపు వెళ్లే మిలటరీ లారీలకు దారి ఇస్తూ ఇస్తూ మా బస్సు పక్కకు ఒరిగి నడిచింది. మారతహళ్లి దగ్గర ఎత్తు వచ్చేసరికి అందరినీ దించి తోయించారు. తోసినందుకు డబ్బు తగ్గించరు, ముందే చెబుతున్నాను. ఎత్తు ఎక్కాక పూరికప్పు హోటలు ఒకటి ఉంది, అక్కడ పావుగంట ఆపుతారు. రేషను వల్ల కాఫీలో కాఫీ తక్కువ, బెల్లం ఎక్కువ. ఇడ్లీ మాత్రం నిజంగా బాగుంటుంది. వడ్డించే ఆవిడ, "ఇంకో రెండు పెట్టుకో, వర్తూరులో దిగినాక ఏమీ దొరకదు" అంది. మా అత్త ఉందమ్మా అన్నాను. "అట్లయితే వద్దు, ఆడ తినలేకపోతే ఆయమ్మ నన్ను తిడతాది" అని నా ఆకు మడిచేసింది.

తొమ్మిదిన్నరకు వర్తూరులో దిగాను. చెరువుకట్ట మీదుగా పది నిమిషాల నడక. కట్ట మీద గాలి, నీళ్ల మీద కొంగలు, రాగిచేల పచ్చదనం, ఇవన్నీ మీరే చూసుకోండి. నాకు ఆరోజు కళ్లన్నీ పందిరి మీదే. అత్త గడపలోనే ఎదురుచూస్తోంది. తల నెరిసింది కాని నడుం వంగలేదు. "ఎట్ల ఇంత నల్లగైతివప్పా?" అంది. బొగ్గు అన్నాను. ఇరవై ఏళ్ల కింద చేసినట్టే కొంగు తడిపి నా మొహం తుడిచింది. చిక్కన్న మామ అరుగు మీద కూర్చుని తాడు పేనుతూ తల ఊపాడు. ఆయనకు అది పెద్ద మాట కింద లెక్క.

పందిరి ఇంటి వెనక బావి పక్కన ఉంది. అత్త చెబుతుంటే విన్నాను, నాకు సగం తెలిసిన కథే. ఆ పొట్ల మా అవ్వది. అత్త పెళ్లయి వస్తూ కొంగున గింజలు ముడివేసుకుని వచ్చింది. ఆ కాయ మనిషి ఎత్తు సాగుతుంది, తెల్లటి చారలుంటాయి, చేదు అనేది ఎరగదు. ప్రతి ఏడూ ఒక్క కాయను విత్తనానికి వదిలి, పండి ఎర్రబడ్డాక గింజలు బూడిదలో కలిపి ఉట్టిలో పెడుతుంది. ఆ ఏడాది ఉట్టిలో ఎలుక పడింది. మూడు గింజలు మిగిలాయి, ఒకటే మొలిచింది. కూరకు వదిలిన కాయలు వంకర పోకుండా కొసలకు రాళ్లు కట్టి వేలాడదీసింది. విత్తనం కాయకు మాత్రం రాయి లేదు. అది ఇంకా పచ్చగానే ఉంది. "ఇంగ పదైదు దినాలు తీగ మీదుంటే పండతాది. ఇది పోతే మా అమ్మ పొట్ల పోయినట్లే" అంది. ఆ కాయకు నీళ్లు అందాలంటే జానెడు ఎత్తులో ఉన్న ఆ గడ్డను దాటే పైకి పోవాలి. నేను అది చూశాను. చూసి, సీసా మూత గట్టిగా ఉందా లేదా అని సరిచూసుకున్నాను.

పదిన్నరకు ఎండ పందిరిలోకి దిగింది. అప్పుడు వచ్చింది. ముందు చప్పుడు కూడా లేదు. ఆకుల మధ్య నల్లటి చుక్క కదిలింది, అంతే. అత్త నా చెయ్యి పట్టుకుని, "సుమ్నే ఉండు, కందిరీగ. కదిలితే పోతాది" అంది. అది తీగ మీద వాలింది. రెక్కలు సగం తెరిచి ఉంచింది, వాటిలోంచి తీగ మీది నూగు కూడా నాకు కనిపించింది. ఒళ్లు ముదురు గోధుమరంగు, పొట్ట మీద సన్నటి లేత పట్టీలు. కందిరీగకు ఉండే దారం నడుం దీనికి లేదు, మా మామలాగా పైనుంచి కిందిదాకా ఒకటే లావు. మీసాలు కొసల దగ్గర కాస్త బలిసి ఉన్నాయి. ఇక వెనక కాళ్లు. సైన్సు మాస్టరు చేతులు తిప్పి చెప్పిందంతా తక్కువే. గొంగళి తొడుక్కున్నట్టు ఒత్తుగా వెంట్రుకలు, నలుపులో గోధుమ, గోధుమలో తెలుపు. అంత చిన్న ప్రాణికి అంత బరువైన కాళ్లెందుకో దేవుడికి తెలియాలి. నాకు నిజంగా గుండె దడదడలాడింది. ముప్పై ఏళ్లు దాటినవాణ్ణి, పొట్లపందిరి కింద మోకాళ్ల మీద కూర్చుని ఊపిరి బిగబట్టాను.

అది పొట్ట వంచి తీగను తాకి లేచింది. మళ్లీ ఇంకో చోట తాకింది. గుడ్లు పెడుతోందని నాకు తెలుసు. చేయి ఆడిస్తే ఎగిరిపోయేది. నేను పుస్తకం తీసి కాళ్లు గీశాను, రెక్కలు గీశాను, ఎప్పటి అలవాటు ప్రకారం తీగ కూడా గీసి అది తాకిన ఐదు చోట్లా చుక్కలు పెట్టాను. అత్త నా భుజం మీదుగా చూసి, "కందిరీగను ఎంత బాగ రాస్తివప్పా" అంది. బాగుందా అత్తా అని అడిగాను. కందిరీగ కాదని మాత్రం చెప్పలేదు.

సీమంతం పదకొండుకు జరిగింది. పేరంటానికి ఎవరినీ పిలవలేదు, నవ్వుతారని ఆమెకూ తెలుసు. గడ్డకు పసుపు రాసింది, కుంకుమ పెట్టింది, పసుపుతాడుకు తొమ్మిది గాజులూ గుచ్చి గడ్డ పైన తీగకు వదులుగా కట్టింది. తాడు పట్టుకోమంటే పట్టుకున్నాను. పాట ఎత్తుకోబోయి ఆగి, "నాకెవురూ పాడలేదు గదా, నాకు రాదు" అని తేలిగ్గా నవ్వేసింది. చలిమిడి ఉండ ఒకటి నా నోట్లో పెట్టింది, ఒకటి మామకిచ్చింది, ఒకటి తీగ మొదట్లో పెట్టింది. నేను ఆ చలిమిడి మింగలేకపోయానని రాస్తే బాగుంటుంది, కాని మింగాను. రుచిగా ఉంది.

భోజనం రాగిముద్ద, పొట్లకాయ పప్పు. తింటూ తలెత్తితే దూలం కింద గోడకు మూడు మట్టిగూళ్లు కనిపించాయి. చిన్నప్పుడూ చూశాను, ఎప్పుడూ పట్టించుకోలేదు. గోడలన్నిటికీ ఏటేటా సున్నం కొట్టినట్టున్నారు, ఆ గూళ్ల చుట్టూ మాత్రం సున్నం అంటకుండా వదిలేశారు. నేను చూడడం అత్త చూసింది. "మూడు తూర్లు కట్టినాయి. ఒగటీ రాల్చలేదు నేను. గూళ్లే మిగిలినాయి" అంది. ఆ తర్వాత, "పోనీలేప్పా, తీగకన్నా అయినాది" అని ఇంకో ముద్ద వేసింది. నేను వద్దనలేదు.

తిరుగు బస్సు నాలుగుకు. రెండున్నరకు సంచి సర్దుకుని, ఇంకోసారి గడ్డను చూద్దామని పందిరి దగ్గరికి వెళ్లాను. గడ్డకు పైన ఉన్న లేత ఆకులు వాలిపోయి ఉన్నాయి. ఎండకు వాలాయని చెప్పుకున్నాను. పక్కనే బావి గట్టు మీది గుమ్మడి ఆకులు అదే ఎండలో నిటారుగా ఉన్నాయి. వెనకనుంచి అత్త వచ్చి, "అప్పా, ఇంగ పదైదు దినాలకు మల్లా రా. గింజల్లో సగం నీకిస్తాను. నేనెన్ని దినాలుంటానో, అది నీ కాడ ఉండల్ల. నీకు గాక ఎవురికిస్తాను?" అంది.

అప్పుడు ఇక నావల్ల కాలేదు. "అత్తా, అది కడుపు కాదు. లోపల పురుగుండాది" అన్నాను. ఎంత మెల్లగా అన్నానంటే ఆమె ఏంది అని మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పాను. పొద్దున వచ్చింది కందిరీగ కాదని, చిమ్మట అని, దాని పిల్ల తీగను లోపలినుంచి తొలిచి తింటోందని, ఇలాగే వదిలేస్తే పైతీగ ఎండిపోతుందని చెప్పాను.

"నీకెప్పుడు తెలిసె?" అంది.

"కార్డు చదివినప్పుడే."

"గాజులు కొనేటప్పుడు తెలుసా?"

"తెలుసు."

"తాడు పట్టుకున్నప్పుడు?"

"తెలుసత్తా. కోస్తే పురుగు సస్తాదని, నాకు బొమ్మకు కావల్నని, గమ్మునుంటిని."

ఆమె అరవలేదు. వాలిన ఆకును రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని వదిలింది. అది మళ్లీ వాలింది. "నన్ను నవ్వులపాలు సేస్తివని కాదప్పా. తీగ సస్తాంటే పక్కన కూసోని బొమ్మ రాస్తివే" అంది. నా జీవితంలో నాకు ఎవరూ అంత మెల్లగా అంత పెద్ద దెబ్బ వేయలేదు. అరుగు మీదనుంచి మామ, "నాకూ పురుగనే అనుమానముండె. ఆమె సంతోషం సూసి నోరు రాలేదు" అన్నాడు. "నీకు అనుమానము, వానికి తెలుసు. రెండూ ఒగటి కాదు" అంది అత్త. మామ తాడు పేనడం ఆపేశాడు.

తర్వాత ఆమె ఒక్క నిమిషం కూడా వృథా చేయలేదు. గాజుల తాడు విప్పి మెడలో వేసుకుంది, పెన్సిళ్లు చెక్కే నా చాకు అడిగి తీసుకుంది. నేను గడ్డను అడ్డంగా కోయాలేమో అనుకుంటున్నాను. "అడ్డం కోస్తే తీగే పోతాది. నిలువునా కొయ్యల్ల" అని, మొదలు వైపు నుంచి పైకి, బట్ట కుట్టు విప్పినట్టు చీల్చింది. లోపల తడి పొట్టు, దాని మధ్య గోధుమరంగు తలతో తెల్లటి పురుగు, చిటికెన వేలి కణుపంత. చాకు మొన దాని పక్కనుంచే పోయింది, తగల్లేదు. నేను చెయ్యి చాచలేదు. అది నా సీసాలోకి రావాలని అడిగే మొహం నాకు లేదు. అత్తే పుల్లతో తీసి, "సీసా తే" అంది. "ఇంతసేపూ దీనికోసమే గదా. సంపేదెందుకు, ఇదీ ఈ తీగ కడుపులో పెరిగిందే. ఎత్తుకోని పో. మల్లా నా పందిరి చాయలకు మాత్రం తేవద్దు" అంది. అడుగున తడిమట్టి వేసి, గడ్డలోంచి వచ్చిన తడి పొట్టుతో సహా పురుగును సీసాలో వేశాను.

చీల్చిన చోట పేడా మట్టీ మెత్తి, పాతచీర పేలికతో చుట్టింది. పందిరి కట్లు కొన్ని సడలించి, తీగను కాస్త కిందికి దించి, కట్టు కట్టిన చోటును నేల మీద ఆనించి, పైన తడిమట్టి కుప్ప పోసింది. అక్కడ కొత్త వేళ్లు పుడితే తీగ బతుకుతుంది, లేకపోతే లేదు. నేను బొమ్మల పుస్తకం తెరిచాను. చుక్కలు పెట్టిన ఐదు చోట్లా వెతికాం. గసగసాల గింజంత గుడ్లు, గోధుమరంగువి, నాలుగు దొరికాయి. అయిదోది ఎంతకీ దొరక్కపోతే మామ లేచి వచ్చి, కళ్లజోడు లేకుండానే ఆకు తొడిమ కింద చూపించాడు. అన్నీ అత్త బొటనవేలితో నలిపేసింది. ఈలోగా కట్ట మీద బస్సు హారను వినిపించింది, ఆగింది, వెళ్లిపోయింది. ఎవరం తలెత్తలేదు.

అంతా అయ్యాక అత్త మెడలోంచి తాడు తీసి, తొమ్మిది గాజులూ సరిచేసి, మట్టికుప్ప పైన మళ్లీ తీగకు కట్టింది. "ఇంకా ఎందుకత్తా గాజులు?" అన్నాను. "ఇప్పుడు ఇది బాలింత. బాలింతకు గాజులు తీస్తారా ఎవురన్నా?" అంది. తడి గోనెసంచి తెచ్చి ఎండ తగలకుండా అడ్డం కట్టింది. రాత్రికి నాకు చాప వేసింది కాని మాట్లాడలేదు. పొద్దున బస్సెక్కేటప్పుడు మాత్రం ఇడ్లీ తినే పోవాలని, ఖాళీ కడుపుతో బస్సు తోయవద్దని చెప్పింది. అప్పుడు నాకు కళ్లనీళ్లు వచ్చాయి.

పురుగు సీసాలో నాలుగు రోజులకు మట్టిలోకి దిగింది. దసరా దాటిన ఒక ఉదయం చిమ్మటై పుల్ల మీదికి ఎక్కి కూర్చుంది. నాకు కొత్తగా తెలిసింది ఒకటి చెబుతాను. పుట్టినప్పుడు దాని రెక్కలు పూర్తి అద్దం కావు, పైన పలుచని పొడి ఉంది. రెక్కలు కాసేపు గట్టిగా కొట్టుకున్నాక ఆ పొడి రాలి సీసా అడుగున పడింది, రెక్కలు తేటపడ్డాయి. సైన్సు మాస్టరుకు చూపిస్తే, ఈ కులంలో కొన్నింటికి అలా ఉంటుందన్నాడు. నేను పదో గడి నింపాను. కాళ్లు బాగా వచ్చాయని అందరూ అన్నారు. చిమ్మటను సూదికి గుచ్చడానికి నేను ఒప్పుకోలేదు. అలాగని కూరతోటలున్న ఊళ్లో వదలడానికీ మనసు రాలేదు. అది సీసాలోనే తేనెనీళ్లు తాగి అయిదు రోజులు బతికింది.

ఆ వారంలోనే కార్డు వచ్చింది, దాంతోపాటు బస్సు డ్రైవరు చేతికి ఇచ్చి పంపిన చిన్న గుడ్డమూట. కార్డులో మామ చేతిరాత, అత్త మాట: "వేళ్లు దిగినాయి. కాయ పండినాది. ఇరవైరెండు గింజలు. పదకొండు నీకు. ఈ తూరి తీగకేమన్నా అయితే ముందు నాకు చెప్పు, తర్వాత బొమ్మ రాసుకో." కింద, మొదటిసారిగా, మామ తన సొంత మాట ఒకటి చేర్చాడు: "నేను కూడా ఇంక చెప్తాను."

ఇప్పుడు యుద్ధం అయిపోయింది, పెట్రోలు బస్సులు మళ్లీ తిరుగుతున్నాయి, మారతహళ్లి ఎత్తు దగ్గర ఎవరూ దిగి తోయనక్కర్లేదు. ఆ పదకొండు గింజల్లో ఆరు మా పెరట్లో తీగలయ్యాయి. ఎండెక్కగానే వాటి దగ్గర కూర్చుంటాను. అద్దపు రెక్కలది వస్తే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది, అంత అందమైన దొంగ మరొకటి లేదు. కాసేపు కళ్లారా చూసి, చేత్తో తోలేస్తాను. చూడ్డం నాకు వృత్తి, ఇష్టం కూడా. కాని ఆ రోజు అంత బాగా చూసినవాణ్ణి నేనొక్కణ్ణే, నోరు విప్పనివాణ్ణీ నేనే. అత్తకు కందిరీగకూ చిమ్మటకూ తేడా తెలియకపోవడం వల్ల ఆ తీగకు వచ్చిన ప్రమాదం కన్నా నాకు తెలిసి ఉండడం వల్ల వచ్చిందే ఎక్కువ.

వెళ్లాలనుకునేవారికి ఒక్క సలహా. వానలు తగ్గాక, ఎండ కాసే రోజున, పది గంటలకల్లా పందిరి దగ్గర ఉండండి. సీసా, పదునైన చాకు దగ్గర పెట్టుకోండి. తిరుగు బస్సు ఇప్పటికీ నాలుగుకే. తీగలో గడ్డ కనిపిస్తే ఆ ఇంటివాళ్లకు వెంటనే చెప్పేయండి, మొహం తుడవడానికి వాళ్లు కొంగు తడుపుతున్నప్పుడే. ఆ తర్వాత చెప్పడం చాలా కష్టం.